కిటికీ దగ్గర నలభై మూడు పుస్తకాలు

ఆ ఉదయం లైబ్రేరియన్ వేసుకున్న పథకం చాలా చిన్నది. పది గంటలకు వదినగారిని లైబ్రరీకి తీసుకెళ్ళాలి. ఒక కుర్చీ వేసి, ఒక పెన్ను ఇచ్చి, నలభై మూడు ఫారాలు ముందు పెట్టాలి. ఆవిడ నలభై మూడు సంతకాలు గీకేస్తారు. పదకొండున్నరకల్లా ఆటో ఎక్కించి ఇంటికి పంపేస్తే, నాలుగింటికి తనిఖీ అధికారి వచ్చేసరికి కిటికీ పక్క ర్యాకు ఖాళీ అయిపోతుంది. స్నానానికి వెళ్తూ ఒకసారి, తల తుడుచుకుంటూ ఒకసారి ఈ పథకాన్ని సరిచూసుకుంది. ఎక్కడా వంక కనబడలేదు. వంకలు కనిపెట్టే మనిషినే వెంట తీసుకెళ్తున్నానన్న సంగతి మాత్రం ఆమెకు తట్టలేదు.

ఆ కిటికీ గురించి చెప్పాలి. ఆమె పనిచేసే శాఖా గ్రంథాలయంలో మంచి వెలుతురు వచ్చే కిటికీ అదొక్కటే. దానికి అడ్డంగా పద్దెనిమిదేళ్ళుగా ఒక ఇనుప ర్యాకు నిలబడి ఉంది. అందులో కంప్యూటర్ ఆపరేటింగ్ సిస్టంలు నేర్పే పుస్తకాలు, ఒక్కోటీ ఇటుకంత మందంవి, నలభై మూడున్నాయి. అవి నేర్పే సిస్టంలు ఏనాడో కాలం చేశాయి. పుస్తకాలు మాత్రం నిక్షేపంగా ఉన్నాయి, ఎవరూ ముట్టుకోలేదు గనక. బడి వదిలాక లైబ్రరీకి వచ్చే పిల్లలు పదిహేను మంది, కూర్చునే చోటు లేక, పై అంతస్తులోని బీమా ఆఫీసు మెట్ల మీద చదువుకుంటారు. పాలసీల వాళ్ళు వాళ్ళని దాటుకుంటూ ఎక్కి దిగుతారు. నెల కిందట ఒకాయన బూటు కింద ఒక పిల్ల వేలు నలిగింది. ఆ పిల్ల వేలు చూసుకోకుండా, పుస్తకం నలిగిందేమోనని చూసుకుంది. అది కళ్ళారా చూసిన రోజునుంచి లైబ్రేరియన్‌కు నిద్ర సరిగ్గా పట్టడం లేదు.

ప్రధాన కార్యాలయం వాళ్ళు తొమ్మిది శాఖలకూ కలిపి ఒకే ఒక్క పిల్లల బల్ల చేయించారు. చోటు చూపించిన శాఖకే బల్ల. ఇవాళ చోటు చూపించలేకపోతే రేపు అది పక్క శాఖకు పోతుంది. పక్క శాఖలో పిల్లలు రారు. అక్కడి లైబ్రేరియన్ ఆ బల్లమీద పూలకుండీలు పెట్టుకుందామని చూస్తోంది.

పుస్తకాలు తీసిపారెయ్యడం తేలికే అనుకుంటారు తెలియనివాళ్ళు. ప్రతి పుస్తకానికీ ఒక ఫారం ఉంటుంది. "ఈ పుస్తకం వల్ల ఉపయోగం ఉంది / లేదు" అని ఒక గడి, "కారణం" అని మరో గడి, అడుగున నిపుణుల సంతకం. నిపుణులకు కంప్యూటర్లతో ఇరవై ఏళ్ళ అనుభవం ఉండాలట. అంత అనుభవం ఉన్నవాళ్ళు దొరికితే వాళ్ళకి తీరిక దొరకదు. అందుకే తొమ్మిది శాఖల్లోనూ ఏడాదిగా ఒక్క పుస్తకమూ కదల్లేదు.

"మా అక్క ఉందిగా!" అన్నాడు భర్త, వారం కిందట, పేపర్లోంచి తల ఎత్తకుండా.

నిజమే, ఉంది. కరెంటు బిల్లుల ఆఫీసులో ముప్ఫై ఏళ్ళు కంప్యూటర్ ఆపరేటరుగా చేసి, నాలుగు నెలల కిందట రిటైరై, తమ్ముడింటికి వచ్చి ముందుగదిలో ఉంటోంది. ఆవిడ చెడ్డమనిషి కాదు. ఆరేసిన తువ్వాలు మడత నుంచి గ్యాసు బండ వచ్చే వేళదాకా ఇంట్లో ఏదైనా సరే, ఒకసారి పరికించి చూసి "ఊహూఁ" అంటుంది, అంతే. ఆ "ఊహూఁ" వినబడని చోటు లైబ్రేరియన్‌కు ఈ భూమ్మీద ఒక్కటే మిగిలింది. అదే లైబ్రరీ. అక్కడికే ఆవిణ్ణి చేతులారా తీసుకెళ్ళడానికి మనసొప్పక వారం రోజులు వాయిదా వేసింది. చివరికి బల్లే గెలిచింది.

"గంటన్నర పని వదినగారూ. ఊరికే సంతకాలే," అంది ఆటోలో.

"ఊరికే సంతకాలుండవమ్మాయ్," అంది వదినగారు, బయటికి చూస్తూ. "సంతకం అంటే సంతకమే."

లైబ్రేరియన్ దిగిపోవాల్సింది అక్కడే.

* * *

లైబ్రరీ అటెండర్ని అందరూ మైకు అంటారు. ఆయన గుసగుస వీధి చివర బస్టాపులో నిలబడ్డవాళ్ళకి కూడా వినబడుతుంది. నిశ్శబ్దం పాటించాలని రాసిన బోర్డు కింద పదకొండేళ్ళుగా ఆయన కుర్చీ. నలభై మూడు పుస్తకాల్నీ దుమ్ము దులిపి బల్లమీద పేర్చి, "ఇవన్నీ ఇవాళ తీసి పారేస్తున్నామండీ!" అని వదినగారికి రహస్యంగా చెప్పాడు. పేపర్లు చదివేవాళ్ళు, పోటీ పరీక్షల వాళ్ళు, ఊరికే ఫ్యాను కోసం వచ్చినవాళ్ళు అందరూ తలలెత్తారు.

వదినగారు కళ్ళద్దాలు తుడుచుకుని మొదటి పుస్తకం అట్ట తిప్పింది. లైబ్రేరియన్ ఫారం ముందుకు జరిపి, "లేదు" అన్న మాట దగ్గర వేలు పెట్టి చూపించింది.

"ఇక్కడ టిక్కు, ఇక్కడ సంతకం."

"ఈ పుస్తకం పేరు చూశావా? 'పదిహేను రోజుల్లో ఆపరేటింగ్ సిస్టం.'"

"చూశానండీ."

"మరి పదహారో రోజు రాకుండా ఉపయోగం ఉందో లేదో ఎలా తెలుస్తుంది?"

లైబ్రేరియన్ నవ్వింది, అది హాస్యమనుకుని. వదినగారు నవ్వలేదు. "నా సర్వీసులో ఒకే ఒక్కసారి టెస్టు చెయ్యకుండా సంతకం పెట్టాను. సూపర్వైజరు తొందరపెట్టాడు, ఇప్పుడు నువ్వు పెట్టినట్టే. ఆ నెల సినిమా హాలుకి రావాల్సిన బిల్లు సందు మొదట్లో చెప్పులు కుట్టే ఆయనకి వెళ్ళింది. పాపం ఆయనకున్నది ఒకటే బల్బు. బిల్లు పట్టుకుని నా సీటు ముందుకొచ్చి, 'అమ్మా, నేనా బల్బు కూడా పీకేస్తాను' అన్నాడు. అప్పట్నుంచి, ఊళ్ళో బిల్లులన్నీ వెయ్యబోయే ముందు, లేని ఇంటికి ఒక బిల్లు వేసి చూసేదాన్ని. అది సరిగ్గా వస్తేనే మిగతావి. ఇరవై ఆరేళ్ళు అలాగే చేశాను."

"కానీ వదినగారూ, ఇవి బిల్లులు కావు కదా. పాత పుస్తకాలు."

"పాతవైనంత మాత్రాన పనికిరావనుకుంటే ఎలాగమ్మా?" అంది వదినగారు, పుస్తకంలోంచి తల ఎత్తకుండా. రిటైరై నాలుగు నెలలైన మనిషి ఆ మాట అంటే అది పుస్తకాల గురించే అనుకోలేం. లైబ్రేరియన్ ఇంకో ఫారం ముందుకు జరిపింది.

పదకొండున్నరకు చూస్తే వదినగారి ముందు మూడు దొంతరలున్నాయి. ఉపయోగం ఉన్నవి, లేనివి, చూడాల్సినవి. మొదటి రెండు చోట్లా బల్ల చెక్క కనబడుతోంది. నలభై మూడూ మూడో దొంతరలోనే ఉన్నాయి.

"పుస్తకంలో చెప్పినట్టు చేసి చూడాలంటే ఆ సిస్టం ఉన్న కంప్యూటర్ కావాలి," అంది ఆవిడ. "మీ కౌంటరు దగ్గరది పనికిరాదు. అది మరీ కొత్తది."

"అలాంటిది ఎక్కడా లేదండీ," అంది లైబ్రేరియన్ చప్పున.

"స్టోరు రూంలో ఉంది కదండీ మేడమ్! దుప్పటి కింద!" అన్నాడు మైకు.

ఉండకపోతే బాగుండేది. లైబ్రరీకి మొట్టమొదట వచ్చిన కంప్యూటర్ అది. పాత పేపర్ల కట్టలు, విరిగిన స్టూళ్ళు దాటుకుని మైకు దాన్ని పసిబిడ్డను ఎత్తుకున్నట్టు ఎత్తుకొచ్చాడు. పెట్టడానికి కౌంటరు తప్ప చోటు లేదు. గుచ్చడానికి కౌంటరు కంప్యూటర్ ప్లగ్గు తప్ప ప్లగ్గు లేదు. కొత్త కంప్యూటర్ వైరు పీకి పాతదానికి గుచ్చాడు. అది కాసేపు దగ్గింది. కాసేపు గురకపెట్టింది. తర్వాత నల్లటి తెరమీద ఒక మూల తెల్లగా చిన్న గీత మిణుకుమిణుకుమంది.

రీడింగ్ రూంలో ఎవరో చప్పట్లు కొట్టారు.

వదినగారు కుర్చీ దగ్గరికి లాక్కుని రెండు చేతులూ కీబోర్డు మీద పెట్టింది. అంతవరకూ మోకాళ్ళు నొప్పులనీ మెడ పట్టేసిందనీ మూలుగుతూ వచ్చిన మనిషి వేళ్ళు వాన చినుకుల్లా టపటపలాడాయి. ఆవిణ్ణి ఇంట్లో ఈ నాలుగు నెలల్లో అలా చూడలేదు లైబ్రేరియన్. ఒక్క క్షణం ముచ్చటేసింది. మరుక్షణం గోడ గడియారం చూసింది. పన్నెండుంబావు.

"చూడమ్మాయ్, ఎనిమిదో పుస్తకం 'ముందుగా ఆరు ఫ్లాపీలు సిద్ధం చేసుకోండి' అంటోంది. ఫ్లాపీలు తెచ్చిపెట్టు."

"ఫ్లాపీలా? ఆ పాతకాలం డిస్కులు ఇప్పుడెక్కడ దొరుకుతాయండీ?"

"దొరకవని తేలితే అదే రాస్తాను. వెతక్కుండా దొరకవని ఎలా రాయను?"

ఆవిడ సంతకానికి దగ్గర దారి ఫ్లాపీ షాపు మీదుగానే ఉందని అర్థమై, లైబ్రేరియన్ గొడుగు తీసుకుని బయటపడింది.

* * *

మొదటి షాపువాడు ఫ్లాపీ అంటే ఫోనుకి తొడిగే కవరనుకుని నాలుగు రంగులు చూపించాడు. రెండో షాపువాడు, "మేడమ్, మీరు ఏదైనా వీడియో తీస్తున్నారా?" అని కెమెరా ఎక్కడుందోనని చుట్టూ చూశాడు. మూడో షాపు యజమాని చాలా మర్యాదస్తుడు. ఆమెను కూర్చోబెట్టి, మంచినీళ్ళిచ్చి, ఇంట్లోంచి వాళ్ళ నాన్నని పిలిపించాడు. ఆయన నెమ్మదిగా వచ్చి, "ఫ్లాపీలు అడిగింది మీరేనా అమ్మా?" అని ఆమెను కాసేపు చూసి, ఆ రోజుల్లో తన వ్యాపారం ఎలా ఉండేదో నలభై నిమిషాలు చెప్పాడు. మధ్యలో లేవబోతే చెయ్యి అడ్డం పెట్టాడు. చివరికి ఫ్లాపీ లేదన్నాడు.

రెండున్నరకు చెమటలు కక్కుకుంటూ లైబ్రరీ మెట్లెక్కేసరికి, లోపల్నుంచి వదినగారి గొంతు వినబడింది. "డైరెక్టరీ అంటే ఏమిటి? మన ఇంట్లో డబ్బాలుంటాయి చూడండి..."

కౌంటరు చుట్టూ జనం. పోటీ పరీక్షలకు చదివే అమ్మాయి నోట్సు రాసుకుంటోంది. ఎదురు కొట్లో బట్టలు కుట్టే ఆవిడ మెడలో టేపు తియ్యకుండానే వచ్చి నిలబడింది. బీమా ఆఫీసువాళ్ళు ఇద్దరు భోజనం మానేసి చూస్తున్నారు. వాళ్ళలో చాలామంది చేతుల్లో ఇటుకంత మందం పుస్తకాలున్నాయి.

లైబ్రేరియన్ దొంతర కేసి చూసింది. పద్నాలుగున్నాయి.

"మిగతావేవి?"

"ఇచ్చేశానండీ!" అన్నాడు మైకు ఆనందంగా. "అమ్మగారు ఒక్కోటీ చూసి పక్కన పెట్టడం, వీళ్ళు ఎగబడి తీసుకోవడం! కంప్యూటర్ పీకేశాం కదా, పాత రిజిస్టర్లో రాసుకుంటున్నా. ఇరవై తొమ్మిది వెళ్ళాయి మేడమ్! మన లైబ్రరీలో ఇంత గిరాకీ నేనెప్పుడూ చూళ్ళేదు."

"ఎందుకిచ్చావయ్యా! ఇవాళ తీసేస్తున్నామని తెలుసుగా!"

"కార్డున్నవాళ్ళు అడిగితే లేదనకూడదని మీరే కదండీ చెప్పారు."

తన మాట తనకే ఎదురొస్తే ఎవరైనా ఏం చేస్తారు? రూలు ప్రకారం, చదివేవాళ్ళ దగ్గరున్న పుస్తకాన్ని లెక్కలోంచి కొట్టెయ్యకూడదు. అది తిరిగొచ్చాకే ఫారం చెల్లుతుంది. లైబ్రేరియన్ కుర్చీలో కూలబడింది. అప్పుడే రిటైర్డ్ హెడ్మాస్టరు గారు పదిహేనో నంబరు పుస్తకం చంకలో పెట్టుకుని వెళ్ళబోతున్నారు. రోజూ పేపరు కోసం తప్ప వేరే దేనికోసమూ ఆయన లైబ్రరీకి రారు.

"మాస్టారూ, మీరు కూడానా? అది మీకెందుకండీ?"

"చదవడానికి! తీసేస్తున్నారట కదా. నేనిది ఎప్పట్నుంచో చదువుదామనుకుంటున్నా."

"ఎప్పట్నుంచి?"

"పదిహేనేళ్ళ నుంచి." ఆయన గొంతులో పశ్చాత్తాపం వినబడింది. "మనమే అశ్రద్ధ చేశాం."

చచ్చిన బర్రె పాలు మెండని ఊరికే అన్లేదు. ర్యాకులో ఉన్నన్నాళ్ళూ దుమ్ము కూడా మొహమాటానికి వాలిన పుస్తకాలు, పోతున్నాయనేసరికి పుణ్యగ్రంథాలయ్యాయి. బట్టలు కుట్టే ఆవిడ రెండు తీసుకుంది. "నీకు కంప్యూటర్ ఉందా?" అని లైబ్రేరియన్ అడిగితే, "లేదండీ, కానీ ఈ అమ్మగారు చెప్తుంటే కొనాలనిపిస్తోంది," అంది.

"వదినగారూ," అంది లైబ్రేరియన్, ఏడుపు గొంతుతో. "మీరైనా... ఎన్ని ఫారాలు రాశారు? చూపించండి."

వదినగారు ఫారాల కట్టమీద చెయ్యి ఆనించింది. "పూర్తయ్యేదాకా చూపించను. సగం రన్‌లో ప్రింటరు ఆపితే ఏమవుతుంది? కాగితం చిక్కుకుంటుంది. ఫ్లాపీలు దొరికాయా?"

"లేదు."

"ఊహూఁ," అంది వదినగారు, ఒక ఫారం తీసి ఏదో రాసుకుంటూ.

మూడున్నరకు ఆఖరి పుస్తకం వెళ్ళిపోయింది. గుమ్మం దాటుతున్న ఆ పుస్తకాన్ని చూసి లైబ్రేరియన్ కళ్ళు మూసుకుంది. తెరిచాక, పొద్దుట్నుంచి ఒక్కసారి కూడా చూడని కిటికీ వైపు ఆమెకు ఒక వింత కనబడింది. ర్యాకు ఊచల మధ్య నుంచి ఎండ పడుతోంది. నేలమీద చారలు చారలుగా, గది మధ్యదాకా.

ర్యాకు ఖాళీ.

ఆమె లేచి నిలబడింది. ఏ దారిన వెళ్ళినా చేరాల్సింది ఖాళీ ర్యాకుకే కదా! ఫారాలు సంతకాలు కాకపోతేనేం, పుస్తకాలు పోయాయి. అవి పదిహేను రోజుల తర్వాత తిరిగొస్తే అప్పుడు చూసుకోవచ్చు. ఈలోగా బల్ల వచ్చి కూర్చుంటే దాన్ని లేపేవాడెవడు?

"మైకూ! ర్యాకు పట్టు. స్టోర్లోకి!"

పదినిమిషాల్లో కిటికీ పక్కన బల్లంత మేర గచ్చు మెరిసింది. లైబ్రేరియన్ తనే చీపురు పట్టింది. తన తెలివికి తనకే ముద్దొచ్చింది.

* * *

తనిఖీ అధికారి నాలుగు కొట్టేసరికి వచ్చాడు. సన్నగా, పొడుగ్గా, జేబులో రెండు పెన్నులతో ఉన్నాడు. తిన్నగా కిటికీ దగ్గరికెళ్ళి నిలబడ్డాడు.

"ఖాళీ చేశారే! మిగతా శాఖల్లో ఏడాదిగా ఒక్క పుస్తకం కదల్లేదు మేడమ్. ఫారాలేవి?"

"ఫారాలు... అంటే సార్, పుస్తకాలన్నీ చదవడానికి తీసుకెళ్ళారు."

"అన్నీనా?"

"నలభై మూడూ సార్! పొద్దుట్నుంచి ఊపిరి తీసుకోలేదు!" మైకు గర్వంగా రిజిస్టరు విప్పాడు.

అధికారి పేజీ మీద వేలు నడిపాడు. ఆ పాత రిజిస్టర్లో ఈ పుస్తకాలకు అంతకుముందున్న ఆఖరి తేదీలు పద్నాలుగేళ్ళ కిందటివి. ఇప్పుడు ఒకే రోజు నలభై మూడు. ఆయన కళ్ళద్దాలు తీసి, మళ్ళీ పెట్టుకుని, సందర్శకుల పుస్తకం అడిగి తీసుకున్నాడు. రాస్తూనే పైకి చదివాడు. "ఈ శాఖలో ఆపరేటింగ్ సిస్టంల పుస్తకాలకు పాఠకుల విశేషాదరణ గమనించడమైనది. కావున మిగతా ఎనిమిది శాఖల్లో వృథాగా ఉన్న ఇటువంటి మూడు వందల డెబ్బై పుస్తకాలూ ఇక్కడికే..."

"వద్దు సార్!" లైబ్రేరియన్ అరుపుకి మైకు కూడా ఉలిక్కిపడ్డాడు.

"ఏం?"

"అవి పనికిరావు సార్. ఒక్కటి కూడా."

"పనికిరాని పుస్తకాలు ఒక్క రోజులో నలభై మూడు ఎలా వెళ్ళాయి మేడమ్?"

ఆ ప్రశ్నకు నిజం చెప్తే ఎవరూ నమ్మరు. ఆ మూడు వందల డెబ్బై వస్తే స్టోర్లోకి పోయిన ర్యాకు ఒక్కటే కాదు, దాని తోబుట్టువులు ఎనిమిది కూడా వస్తాయి. కిటికీ కాదు కదా, గుమ్మం కూడా మూసుకుపోతుంది. కుడితిలో పడ్డ ఎలుకలా చుట్టూ చూసింది. ఒక్కటే ఆధారం కనబడింది. కౌంటరు వెనక, నల్లటి తెర ముందు.

"సార్, మా వదినగారు నిపుణులు. ముప్ఫై ఏళ్ళ అనుభవం. పొద్దుట్నుంచి ఒక్కో పుస్తకం పరీక్షించారు. ఆవిడ్నే అడగండి."

చెప్పేశాక గానీ గుర్తు రాలేదు. పొద్దుట్నుంచి ఆవిడ ఒక్క పుస్తకాన్ని కూడా పనికిరాదనలేదు. పాతవైనంత మాత్రాన, అని మొదలుపెట్టి పాఠాలు కూడా చెప్పింది.

వదినగారు కట్ట పట్టుకుని వచ్చింది. "పూర్తయింది," అంది. పెళ్ళిచూపులయ్యాక మగపెళ్ళివారి జవాబు కోసం చూస్తున్నట్టు చూస్తోంది లైబ్రేరియన్. "నలభై మూడూ చూశాను. ఒక్కటీ పనికిరాదు."

నెత్తిన పాలు పోసినట్టయింది లైబ్రేరియన్‌కు. పన్నెండేళ్ళ సంసారంలో మొట్టమొదటిసారి ఆడపడుచు తన పక్షాన మాట్లాడింది.

"కారణాలు?" అన్నాడు అధికారి.

"రాశాను. మూడో పుస్తకం: ఏదైనా విషయం తెలియకపోతే పదకొండో అధ్యాయం చూడమంటాడు. పదకొండో అధ్యాయంలో, మూడో అధ్యాయంలోనే చెప్పాను కదా అంటాడు. ఎనిమిదో పుస్తకం: ఫ్లాపీలు కావాలి. ఊళ్ళో లేవు. మా మరదలు తిరిగి చూసొచ్చింది. పంతొమ్మిది: ఇబ్బంది వస్తే డీలరుకి ఫోను చెయ్యమని నంబరిచ్చాడు. చేశాను. పరుపుల కొట్టాయన ఎత్తాడు. ఆయన పరుపుల గురించి చక్కగా చెప్పాడు, అది పుస్తకం గొప్పతనం కాదు. ఇరవై ఆరు: ఈ సిస్టం ఇక శాశ్వతం అని ముందుమాటలో ఉంది. రెండో ముద్రణలో ఆ వాక్యం తీసేశాడు. ముప్ఫై నాలుగు: ప్రతి అధ్యాయం మొదట్లోనూ కంగారు పడకండి అంటాడు. అది చదివేదాకా నాకు కంగారు లేదు."

అధికారి ఒక్కో ఫారం తిప్పుతూ చదివాడు. చదువుతున్నకొద్దీ ఆయన మొహంలో ఏదో మారింది. చివరి ఫారం అయ్యాక, మైకు గుసగుస విని తల ఎత్తి, "మీరు పాఠకులకి ఈ సిస్టం గురించి పాఠాలు కూడా చెప్పారటగా?" అన్నాడు.

"టెస్టు చేస్తుంటే అడిగారు. అడిగితే చెప్పాలి కదా. పుస్తకాలు పనికిరావన్నాను గానీ, నాకు రాదనలేదు."

అధికారి సందర్శకుల పుస్తకంలో రాసిన వాక్యాన్ని జాగ్రత్తగా కొట్టేశాడు. లైబ్రేరియన్ ఊపిరి పీల్చుకుంది. ఆయన కొత్త వాక్యం మొదలుపెట్టాడు.

"మేడమ్, ఏడాదిగా నేను వెతుకుతున్నది ఇలాంటి మనిషి కోసమే. మూడు వందల డెబ్బై పుస్తకాలు నిపుణులు లేక మగ్గుతున్నాయి. అన్నీ ఇక్కడికే పంపిస్తాను. ఆవిడ చూస్తారు."

"ఇక్కడికెందుకు సార్? ఆవిణ్ణే ఆ శాఖలకి..."

"పాత కంప్యూటర్ ఇక్కడే ఉంది కదా. దాన్ని కదిపితే మళ్ళీ లేస్తుందా?"

"లేవదు," అంది వదినగారు నిపుణురాలిగా.

పనికొస్తాయన్నా వస్తాయి, పనికిరావన్నా వస్తాయి. ముందు నుయ్యి, వెనక గొయ్యి అంటారు గానీ, నుయ్యీ గొయ్యీ రెండూ కలిసి ఒకే వ్యానెక్కి వస్తాయని పెద్దలు కూడా చెప్పలేదు.

"ఆవిడ కూర్చోవడానికి బల్ల కావాలి," అంటూ అధికారి కిటికీ వైపు చూశాడు. "చోటు ఎలాగూ సిద్ధం చేశారు. ఆ కొత్త బల్ల రేపు పంపిస్తాను. నిపుణుల బల్ల."

అంతవరకూ పిల్లిలా ఉన్న లైబ్రేరియన్ ఒక్క అడుగు ముందుకేసింది. పుస్తకం మీద, సరిగ్గా ఆయన పెన్ను కింద, అరచెయ్యి పెట్టేసింది.

"సార్, అది పిల్లల బల్ల. పిల్లల కోసం చేయించింది. దాని కాళ్ళు కూడా పొట్టివి. మీరు నాకు మెమో ఇచ్చుకోండి, ట్రాన్స్‌ఫర్ చేసుకోండి. బల్ల మాత్రం పిల్లలది. మెట్లమీద వాళ్ళని ఎవడు పడితే వాడు తొక్కుతున్నాడు."

బీమా ఆఫీసు వాళ్ళిద్దరూ తమ బూట్ల వైపు చూసుకున్నారు. వదినగారు మరదలి మొహంలోకి కాసేపు పరికించి చూసింది. తువ్వాలు మడతని చూసినట్టు.

"పిల్లలెన్నింటికి వస్తారు?" అంది.

"నాలుగున్నరకి."

"నేను నాలుగున్నరకి లేస్తాను. ముప్ఫై ఏళ్ళలో నాలుగున్నర దాటి ఒక్క నిమిషం కూర్చోలేదు, ఇప్పుడు కూర్చుంటానా? రాసుకోండి సార్. పదింటి నుంచి నాలుగున్నర దాకా నాది, తర్వాత పిల్లలది. పొట్టి కాళ్ళైతే నాకే నయం, నా మోకాళ్ళకి." ఆగి, లైబ్రేరియన్ వైపు తిరిగింది. "చెయ్యి తియ్యమ్మాయ్, ఆయన రాసుకోవాలి."

ఈ మాటల్లో "ఊహూఁ" లేదని లైబ్రేరియన్ చాలాసేపటికి గానీ గమనించలేదు.

* * *

బల్ల మర్నాడు వచ్చింది. పుస్తకాల వ్యాను ఆ వెనకే వచ్చింది. నాలుగున్నరకు పిల్లలు బల్ల చుట్టూ సర్దుకుని, వెలుతురు కొత్తగా తగిలేసరికి కళ్ళు చికిలించుకుంటూ చదువుకున్నారు. వేలు నలిగిన పిల్ల కిటికీ వైపు కుర్చీ దక్కించుకుంది. ఎవరు పిలిచినా ఆరింటిదాకా లేవలేదు.

హెడ్మాస్టరు గారు పదిహేను రోజులకు వచ్చి పుస్తకం మరో పదిహేను రోజులకు రాయించుకున్నారు. ఎంతవరకూ వచ్చారని అడిగితే, ముందుమాట చాలా బాగుందన్నారు.

వదినగారు పదింటికి బల్ల ముందు కూర్చుంటుంది. ఒక్క రోజులో నలభై మూడు చూసిన మనిషే, ఇప్పుడు రోజుకి రెండు పుస్తకాలు, అంతకు మించి చూస్తే న్యాయం జరగదంటుంది. మూడు వందల డెబ్బైకి సెలవులు తీసేసి తొమ్మిది నెలలు తేలింది. మధ్య మధ్య తల ఎత్తి, కౌంటరు మీద రిజిస్టర్లు పేర్చిన తీరు చూస్తుంది. మైకు కూర్చునే కుర్చీ చూస్తుంది. లైబ్రేరియన్ ముద్ర వేసే కోణం చూస్తుంది. "ఊహూఁ" అంటుంది.

నెలాఖరున లైబ్రేరియన్ పది రోజులు సెలవు పెట్టి ఇంట్లో కూర్చుంది. పగటిపూట ఆ ఇల్లు ఇప్పుడు చాలా ప్రశాంతంగా ఉంటోంది.